రెక్క మాత్రం అతికించకు, అల్లుడూ

ఒరేయ్ చిన్నా,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి, "వాడు రిమోట్‌తో ఎగరేసే బుల్లి హెలికాప్టర్ కూల్చుకుని, హాస్టల్లో మంచం నిండా విప్పి పరిచాడంట, నువ్వు చెబితేనే వింటాడు" అంది. నాకూ టెన్షన్ పట్టుకుంది. కానీ కూలినదాన్ని అటకెక్కించకుండా నువ్వే బాగుచేసుకోవాలని కూర్చున్నావంటే ఎంత సంబరమేసిందో చెప్పలేను.

ముందు ఆ లైపో బ్యాటరీ తీసి దూరంగా పెట్టు, దెబ్బతింటే అంటుకునే రకం అది. ఉబ్బి ఉంటే దానికి మళ్ళీ ఛార్జింగ్ పెట్టే మాటే లేదు. బాగున్నదానికైనా నిద్రపోతూ పెట్టకు, ఆ గదిలో నీతోపాటు ఇంకొకరి పిల్లలూ పడుకుంటారు.

రెక్కలను తిప్పే నిలువు కడ్డీ మెయిన్ షాఫ్ట్, రెండు రెక్కల మొదళ్ళనూ కలిపే అడ్డ కడ్డీ ఫెదరింగ్ షాఫ్ట్, రెండింటినీ అద్దం మీద దొర్లించి చూడు. దొర్లుతుంటే కింద వెలుతురు కనబడుతూ మాయమవుతూ ఉంటే వంగినట్టే, కొత్తది వెయ్యి. మెయిన్ గేరుకి ఒక్క పన్ను పోయినా మార్చాల్సిందే. బిగించేటప్పుడు మోటారు మీది చిన్న గేరుకీ (పినియన్) మెయిన్ గేరుకీ మధ్య సన్న కాగితం ముక్క పెట్టి దగ్గరికి జరుపు, తర్వాత కాగితం తీసేస్తే కావలసినంత సందు మిగులుతుంది. లోహంలోకి దిగే స్క్రూలకు వదులవకుండా పట్టే నీలం జిగురు, అదే త్రెడ్ లాక్, ఒక్క చుక్క చాలు. ప్లాస్టిక్‌లోకి దిగేవాటికి వద్దు, పగులుతుంది.

ఇక రెక్కల సంగతి. ఇది రెండుసార్లు చదువు.

2009 సంక్రాంతికి నా దగ్గర నీదానిలాంటిదే, అంతే సైజుది ఉండేది, చెక్క రెక్కలు. కూలినప్పుడు ఒకదానికి బోల్టు రంధ్రం దగ్గర వెంట్రుకంత చీలిక వచ్చింది. కొత్త జత హాంకాంగ్ నుంచి రావాలంటే నెల పట్టేది, నాకేమో పండక్కే ఎగరేయాలి. చీలికలో జిగురు పోసి, పైన టేపు చుట్టి, రెండో రెక్కకూ అంతే టేపు చుట్టి తూకం సరిచేశాను. చేత్తో వంచి చూస్తే గట్టిగానే ఉంది. చెయ్యి పెట్టే బలమెంత, అది తిరిగేటప్పుడు పడే బలమెంత? నిమిషానికి 2500 చుట్లు తిరిగితే పాతిక గ్రాముల రెక్క మొదలు దగ్గర 30 కిలోల బరువు వేలాడదీసినంత లాగుడు పడుతుందిరా. ఆ లెక్క నేను తర్వాత వేశాను, ముందు వేయలేదు.

డాబా మీద మీ అమ్మ గుమ్మడి వడియాలు పెడుతోంది. నీకప్పుడు రెండేళ్ళు, ఆ పిండి బకెట్ పక్కనే కూర్చుని చేతులు ముంచుతున్నావు. ఇంతలో పాలకోసం ఏడ్చావని నిన్నెత్తుకుని కిందికి దిగింది. నేను వేగం పెంచాను. టప్‌మని ఒక్క శబ్దం. ఒంటి రెక్కతో మిషను ఊగిపోయి ముక్కలైంది. ఊడిన రెక్క కంటికి కూడా కనబడలేదు, బకెట్ పగిలి పిండి కారుతుంటే అప్పుడు తెలిసింది ఎటు పోయిందో. హెలికాప్టర్ మీద పడి బకెట్ పగిలిందనే మీ అమ్మ ఇప్పటికీ అనుకుంటోంది. నిజం నీకే చెబుతున్నాను. ఆ రాత్రి నువ్వు నిద్రపోతుంటే నీ పక్కనే తెల్లవార్లూ కూర్చున్నాను.

అందుకని గీత పడ్డా, అంచు పెచ్చు లేచినా, డబ్బులు లేకపోయినా సరే, రెక్క అతికించావంటే ఊరుకోను. ఆ రెక్కలను రెండుగా విరిచి పారేయి, ఉంటే మళ్ళీ చెయ్యి అటే పోతుంది. డబ్బులు నన్నడుగు, మీ నాన్నకు చెప్పనులే. బ్యాటరీ కలిపి, రెక్కల వాలు మార్చే సర్వోలు చూసుకునేటప్పుడు పెద్ద మోటారు తిరగకుండా దాని వైర్లు మూడింటిలో రెండు ఊడదీసి పెట్టుకో.

నా పాత డబ్బాలో కొత్త ఫెదరింగ్ షాఫ్ట్‌లు రెండున్నాయి, నీదానికి సరిపోతాయనుకుంటా. ఆదివారం పొద్దున్నే తీసుకుని వస్తున్నాను. తిన్నావో లేదో కూడా అడగలేదు, వచ్చాక ఇద్దరం బయట టిఫిన్ చేద్దాం. గేర్లు, షాఫ్ట్‌లు ఈలోపు నువ్వే బిగించి ఉంచు. రెక్కలు మాత్రం నేను చూశాకే తిరగాలి.

మీ మావయ్య