కందినీ రాగినీ కలిపి విత్తితే వేళ్లు ఎలా పెరుగుతాయో ఇంట్లోనే చూడటం

మీ అమ్మాయి తొమ్మిదో తరగతి ప్రాజెక్టు కోసం ఒకే కుండీలో కంది, రాగి కలిపి విత్తిందనీ, నెల తర్వాత పీకి చూస్తే వేళ్లన్నీ తెగి ఒక ముద్దగా వచ్చాయనీ రాశారు. పీకితే అంతేనండి. పీకకుండా చూసే మార్గం ఉంది. మూడేళ్ల క్రితం మధురవాడలో మా మేడ మీద మా అబ్బాయితో కలిసి రెండు విడతలు చేశాను. మొదటి విడత పూర్తిగా చెడింది కాబట్టి ముందు అదే చెబుతాను.

వడ్రంగి చేత అడుగు వెడల్పు, రెండడుగుల ఎత్తు, రెండంగుళాల మందంతో చెక్కపెట్టె చేయించి, ఒక పక్క గాజు పలక బిగించాం. పద్మనాభం వైపు ఉన్న మా పొలం నుంచి ఎర్రమట్టి తెచ్చి జల్లించి నింపాం. బాగా కనిపించాలని గాజు పైకి ఉండేలా పెట్టెను గోడకు వాల్చాను. పది రోజులు గడిచాయి. పైన మొలకలు పచ్చగా ఉన్నాయి, గాజు మీద ఒక్క వేరూ లేదు. ఊరి నుంచి వచ్చిన మా నాన్న కాసేపు చూసి, "వేరు కిందికి పోతుందా, పైకి పోతుందా?" అని అడిగి టీ తాగడానికి లోపలికి వెళ్లిపోయారు. డిగ్రీలో వృక్షశాస్త్రం చదివింది నేను!

పెట్టె వాలినప్పుడు నిటారుగా దిగే వేరు కింది పక్కకు తగులుకుని, దాని వెంటే జారుతుంది. గాజు ఉండవలసింది ఆ కింది పక్కన. నిలువు నుంచి ముప్ఫై డిగ్రీలు వాల్చితే చాలు. గాజు మీద నల్లగుడ్డ కప్పి, చూసేటప్పుడే తీయండి. వేళ్లు వెలుతురుకు దూరంగా పోతాయి, పైగా గాజు లోపల పాచి పడుతుంది. అడుగున రంధ్రాలు తప్పనిసరి.

అన్నిటికన్నా ముఖ్యం, ఒక్క పెట్టెతో సరిపెట్టకండి. కలిపి విత్తిన పెట్టెలో కంది వేరు పక్కకు మళ్లిందనుకోండి, రాగిని తప్పించుకుందో, రాయి అడ్డొచ్చిందో ఎలా తెలుస్తుంది? రెండు కందులు ఒక పెట్టెలో, రెండు రాగులు ఒకదానిలో, ఒక కంది ఒక రాగి మరొకదానిలో. మట్టి, నీళ్లు అన్నింటికీ సమానం. వీలైతే ఒక్కొక్కటి రెండేసి పెట్టెలు.

రెండు రోజులకోసారి గాజు మీద పారదర్శక షీటు పరచి, కొత్తగా కనిపించిన వేళ్లను మార్కర్ పెన్నుతో గీయాలి, ఆ రోజుకు ఒక రంగు. ఎవరి వేరు ఎవరిదో మొదట గుర్తుపట్టడం సులువే. కందిది ఒక తల్లివేరు, దాని నుంచి పిల్లవేళ్లు. రాగివి కాండం మొదలు నుంచి గుత్తిగా దిగే సన్నని పీచువేళ్లు. చిక్కుపడ్డాక మాత్రం వేళ్ల మీది చిన్న బుడిపెలు చూడాలి, అవి కందివే. ఒక బుడిపెను బ్లేడుతో కోస్తే లోపల గులాబీ రంగు కనిపిస్తుంది. అది లెగ్‌హిమోగ్లోబిన్ అనే ప్రొటీన్ రంగు, అంటే లోపలి బాక్టీరియా గాలిలోని నత్రజనిని పట్టే పనిలో ఉందన్నమాట. అయితే ఆ నత్రజనిని కంది పక్కనున్న రాగికి అప్పటికప్పుడు పంచిపెడుతుందని మాత్రం రాయించకండి. ఎక్కువ భాగం ఆకులు రాలి, వేళ్లు కుళ్లాకే మట్టికి అందుతుంది.

మన ఎర్రనేలల్లో ఇంకో సంగతి ఉంది. వీటిలో భాస్వరం చాలావరకు ఇనుముతో బిగుసుకుని ఉంటుంది. కంది వేళ్లు పిసిడిక్ ఆమ్లం వంటి వాటిని వదిలి ఆ ఇనుమును పట్టుకుని, భాస్వరాన్ని విడిపిస్తాయని పటాన్‌చెరులోని అంతర్జాతీయ పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ శాస్త్రవేత్తలు 1990లో వెల్లడించారు. ఎనిమిది చాళ్లు రాగి, రెండు చాళ్లు కంది వేసే రైతుకు ఆమ్లం పేరు తెలియకపోవచ్చు, జోడీ మాత్రం తెలుసు.

వేళ్లు అడుగు తాకిన రోజే పరిశీలన ఆపేయండి. ఆ తర్వాత అవి చెక్క వెంట చుట్టు తిరుగుతాయి, పొలంలో అలా తిరగవు. అప్పుడు చేయవలసిన పనే నాకు అన్నిటికన్నా ఇష్టం. ఒక పలకకు రెండేసి అంగుళాల దూరంలో మేకులు కొట్టి ఉంచుకోవాలి. పెట్టెను గాజు పైకి వచ్చేలా పడుకోబెట్టి, గాజు తీసి, మేకులను మట్టిలోకి నొక్కి, రెండింటినీ కలిపి తిరగేసి పెట్టె లాగేయాలి. మట్టిదిమ్మ మేకుల మీద నిలుస్తుంది. రాత్రంతా టబ్బులో నానబెట్టి, తెల్లారి మగ్గుతో మెల్లగా నీళ్లు పోయాలి. ఎర్రనీళ్లు కారిపోతూ ఉంటే తెల్లటి వేళ్లు ఉన్నచోటనే మేకులకు వేలాడుతూ బయటపడతాయి. మా వాడు స్కూలుకు ఆలస్యమైనా కదల్లేదు. ఫొటో తీశాక ఆరబెట్టి, వేళ్లనూ పై భాగాన్నీ విడివిడిగా తూచండి. గాజు మీద కనిపించేది కొన్ని వేళ్లే కదా, బరువులు లేకపోతే టీచరు అడిగే మొదటి ప్రశ్నకే చిక్కుతారు.

అక్టోబరులో విత్తుతామన్నారు. తుపాను హెచ్చరిక రాగానే పెట్టెలను ఇంట్లోకి చేర్చండి, విశాఖ గాలి సంగతి తెలిసిందే కదా. తడిమట్టితో పెట్టె చాలా బరువు, ఇద్దరు పట్టాలి, గాజు వైపు చేయి వేయకుండా.