ఒరేయ్ చిన్నా, ఆ ఎక్సెల్ షీట్ మూసెయ్

చిన్నా,

యూకేలో చదువుకుంటూ వీకెండ్లలో ఎక్కడెక్కడ తిరగాలో రాసుకుని నువ్వు పంపిన షీట్ చూశాను. పన్నెండు వీకెండ్లు, ఇరవై ఆరు ఊళ్లు, ఒక్కో ఊరికి ఒక్కో రంగు. మీ అమ్మ మురిసిపోయి నాకు ఫోన్ చేసి "చూశావా, వాడెంత పద్ధతిగా రాసుకున్నాడో" అంది. తనతో నేనేమీ అనలేదు. నీతో మాత్రం చెప్తాను. ఒక్క శని, ఆదివారాల్లో ఆక్స్‌ఫర్డ్, స్టోన్‌హెంజ్, బాత్, మధ్యలో లండన్ అని రాశావే, అది తిరగడం కాదురా, కొరియర్ డెలివరీ.

నేనూ అలాగే మొదలుపెట్టాను. 2009లో ఇప్పుడు నువ్వున్న షెఫీల్డ్‌లోనే చదువుకి దిగాక, ఏడాది కోర్సేగా, మళ్లీ ఈ దేశం వస్తానో రానో అన్న ఆత్రంతో నెల తిరక్కుండానే రాత్రి కోచ్ (దూరాలు వెళ్లే బస్సు) ఎక్కి ఎడిన్‌బరో వెళ్లాను. హోటల్ ఖర్చు మిగులుతుందని లెక్క. రాత్రంతా నిద్ర లేదు, తెల్లారకుండానే చలిలో దింపేశారు, ఏదీ తెరిచి లేదు. కోట టికెట్ ధరని రూపాయల్లోకి మార్చుకుని గుండె జారి, బయటే ఫొటో దిగి, మధ్యాహ్నమంతా ఒక మ్యూజియం బెంచీ మీద కూర్చుని నిద్రపోయాను. ఎడిన్‌బరో అంటే నాకు ఇప్పటికీ ఆ బెంచీయే గుర్తొస్తుంది.

అందుకే నా మాట విని, వారానికి ఒక్క ఊరే పెట్టుకో. అదీ శనివారం. ఆదివారం బట్టలు ఉతుక్కోవాలి, వారానికి సరిపడా కూర వండుకోవాలి, అసైన్‌మెంట్ రాయాలి. పార్ట్‌టైమ్ షిఫ్టులు వీకెండ్‌లోనే దొరుకుతాయి కాబట్టి నెలలో రెండు శనివారాలు వాటికే పోతాయి. షిఫ్టులు ఎక్కువ చేసి ట్రిప్పుల డబ్బు రాబట్టుకుందామనుకోకు, టర్మ్ జరిగేటప్పుడు పని వారానికి 20 గంటలు దాటితే వీసాకే ఎసరు. సోమవారం నుంచి ఆదివారం దాకా ఒక వారం కింద లెక్క.

ఇక డబ్బులు. ముందు రైల్‌కార్డ్ తీసుకో. ఏడాదికి 35 పౌండ్లు, చాలా టికెట్ల మీద మూడో వంతు తగ్గుతుంది, లండన్‌కి రెండు సార్లు వెళ్లొస్తే దాని ఖరీదు వచ్చేసినట్టే. దాని పేరులో 16-25 అని ఉంటుంది. నీకు 27 కదా అని ఊరుకుంటావేమో, ఫుల్‌టైమ్ స్టూడెంట్‌కి వయసు దాటినా ఇస్తారు, యూనివర్సిటీ వాళ్ల ధ్రువీకరణ ఉంటే చాలు. అడ్వాన్స్ టికెట్ చవకే గానీ ఆ టైముకి ఆ రైలే ఎక్కాలి, తప్పిపోతే అది చిత్తు కాగితం. దగ్గర ఊళ్లకైతే ఆఫ్‌పీక్ డే రిటర్న్ (రద్దీ లేని వేళల్లో అదే రోజు వెళ్లొచ్చే టికెట్) తీసుకో, చాలాసార్లు రానుపోను కలిపినా ఒకవైపు టికెట్ కంటే కొద్దిగానే ఎక్కువ ఉంటుంది, పైగా సాయంత్రం నీకు బుద్ధి పుట్టినప్పుడు తిరిగి రావచ్చు. ముగ్గురు నలుగురు ఫ్రెండ్స్ కలిసి వెళ్తే గ్రూప్‌సేవ్ అని తగ్గింపు ఉంది, దానికి కార్డు కూడా అక్కర్లేదు.

శుక్రవారం రాత్రి మాత్రం నేషనల్ రైల్ ఎంక్వయిరీస్ వెబ్‌సైట్‌లో ఒకసారి చూసుకోవాల్సిందే. పట్టాల పనులు ఇక్కడ ఎక్కువగా వీకెండ్‌లోనే పెట్టుకుంటారు, రైలు బదులు బస్సు వేస్తారు, గంట ప్రయాణం కాస్తా మూడు గంటలవుతుంది. నేనోసారి అది చూసుకోకుండా ఆదివారం సముద్రం ఒడ్డు ఊరికి వెళ్లి, తిరిగి గది చేరేసరికి రాత్రి ఒంటిగంట. సోమవారం పొద్దున్నే ప్రెజెంటేషన్. అది ఎలా ఇచ్చానో అడక్కు.

మొదటి శనివారం ఎక్కడికి అంటావా? పీక్ డిస్ట్రిక్ట్ కొండల్లో ఉన్న ఈడేల్ అనే ఊరికి వెళ్లు. నీ షీట్‌లో ఆ పేరే లేదు, అది చూసి ప్రాణం ఉసూరుమంది. షెఫీల్డ్‌లో చదువుతూ పక్కనే ఉన్న పీక్ డిస్ట్రిక్ట్ చూడకపోవడమంటే, రాజమండ్రిలో ఉండి గోదావరి చూడకపోవడమే. ఆగుతూ పోయే చిన్న రైలు, ఓ అరగంట పైన పడుతుంది. దిగి మామ్ టార్ అనే కొండ ఎక్కు. 517 మీటర్లే, పైన రాతి మెట్లు కూడా ఉన్నాయి. శిఖరం మీద నిలబడితే ఒక పక్క ఈడేల్ లోయ, రెండో పక్క హోప్ లోయ, అంత పచ్చదనం మధ్యలో ఒక సిమెంట్ ఫ్యాక్టరీ గొట్టం (చాలామందికి అది కంట్లో నలుసు, నాకెందుకో ఇష్టం). అటు దిగితే కాసిల్‌టన్ అనే ఊరు, అక్కడ టీ తాగి బస్సు పట్టుకోవచ్చు.

దారిలో ఎవరివో పొలాల్లోంచి వెళ్తుంటే భయపడకు. పబ్లిక్ ఫుట్‌పాత్ అని గుర్తు ఉంటే అది అందరి దారి, రైతు కాదనకూడదు. మన గట్ల మీద నడిచినట్టే. కాకపోతే గేటు తీస్తే మళ్లీ వేసి రావాలి, గొర్రెలుంటాయి. ఎదురుగా కనిపించే కిండర్ స్కౌట్ కొండ మీద ఒకప్పుడు అలా నడవనిచ్చేవాళ్లు కాదు, జమీందార్ల వేట స్థలం అది. 1932 ఏప్రిల్‌లో వందల మంది, చాలావరకు మిల్లుల్లో ఫ్యాక్టరీల్లో పనిచేసే కుర్రాళ్లు, కావాలనే అందులోకి నడిచారు. ఐదుగురికి జైలు పడింది. 1951లో బ్రిటన్‌లోకెల్లా మొదటి నేషనల్ పార్క్ అయింది ఈ పీక్ డిస్ట్రిక్టే. ఆ కొండ చూస్తూ పులిహోర తింటే ఎంత బావుంటుందో.

అన్నట్టు జీన్స్ వేసుకెళ్లకు. తడిస్తే ఆరదు, కాళ్లు కొయ్యబారిపోతాయి. గాలికి గొడుగు నిలవదు, మంచి రెయిన్ జాకెట్ కొనుక్కో, చారిటీ షాపుల్లో (దానంగా వచ్చిన పాత వస్తువులు అమ్మే చోట్ల) వెతికితే చవకగా దొరుకుతాయి. డిసెంబరులో నాలుగింటికే చీకటి పడుతుంది కాబట్టి రెండున్నరకల్లా దిగడం మొదలుపెట్టాలి. చాలాచోట్ల సిగ్నల్ ఉండదు, మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసుకో. కాలు మడత పడి కదల్లేకపోతే మొహమాటపడకుండా ఎమర్జెన్సీ నంబరు 999కి ఫోన్ చేసి ముందు పోలీస్ కావాలని, తర్వాత మౌంటెన్ రెస్క్యూ కావాలని అడుగు. వాళ్లు వాలంటీర్లు, డబ్బు తీసుకోరు.

లండన్ వద్దనను. సెయింట్ పాంక్రస్ స్టేషన్‌లో దిగి నడిచి బ్రిటిష్ మ్యూజియంకి వెళ్లు, ప్రవేశం ఉచితం. అందరూ మమ్మీల దగ్గర గుమిగూడతారు, నువ్వు 33ఏ గదికి పో. మన అమరావతి స్తూపం శిల్పాలు అక్కడున్నాయి. 1845లో ఈస్టిండియా కంపెనీ అధికారి వాల్టర్ ఇలియట్ తవ్వించి మద్రాసు పంపిస్తే, అక్కడి నుంచి 1859లో లండన్ చేరాయి. ఆ గది అప్పుడప్పుడు మూసేస్తారు, ముందురోజు వెబ్‌సైట్ చూసుకుని వెళ్లు. నేను మొదటిసారి వెళ్లినప్పుడు గుంటూరు జిల్లా రాయి ఇంత దూరంలో అద్దాల వెనక ఉందే అని గర్వమో కోపమో తెలియకుండా గంటసేపు నిలబడిపోయాను. టైముంటే కెన్సల్ గ్రీన్ శ్మశానంలో సి.పి. బ్రౌన్ సమాధి కూడా చూడు. వేమన పద్యాలు వెతికి అచ్చు వేయించినాయన 1884లో లండన్‌లోనే పోయాడు.

ఇంకొక్కటి, ఇది చాలా ముఖ్యం. బెల్‌ఫాస్ట్ రాసుకున్నావు, బానే ఉంది, అది ఈ దేశమే. అక్కడి నుంచి "డబ్లిన్ రెండు గంటలే, బస్సుంది" అని ఎవడో అంటాడు. సరిహద్దులో గేటు ఉండదు, అడిగేవాళ్లూ కనిపించరు. కానీ డబ్లిన్ ఉన్నది ఐర్లాండ్, వేరే దేశం, నీ స్టూడెంట్ వీసా అక్కడ చెల్లదు, ఐర్లాండ్ వీసా విడిగా తీసుకోవాలి. పారిస్‌కైనా అంతే, షెంగెన్ వీసా లేకుండా కుదరదు.

చివరగా నా స్వార్థం ఒకటుంది. మార్చిలో ఒక శుక్రవారం రాత్రికి రెడింగ్‌లో మా ఇంటికి వచ్చెయ్. ఇక్కడి నుంచి డార్కింగ్ అనే ఊరికి నేరుగా రైలుంది, అక్కడి శ్మశానంలో కాటన్ దొర సమాధి ఉంది. ధవళేశ్వరం ఆనకట్ట కట్టినాయన 1899లో ఆ ఊళ్లోనే పోయాడు. ఆ కాలవ నీళ్లతోనే మీ తాతయ్య అరవై ఏళ్లు వరి పండించారు. ఆ సమాధి చూశావా అని పదిహేనేళ్లుగా నన్ను అడుగుతూనే ఉన్నారు, నేను దగ్గర్లోనే ఉండి ఎప్పుడూ వెళ్లలేదు, సిగ్గుచేటు. ఇద్దరం వెళ్దాం. సమాధి దగ్గర నుంచి తాతయ్యకి వీడియో కాల్ చేద్దాం, కానీ మధ్యాహ్నం రెండు దాటకముందే చేరాలి. మనకి మూడున్నర అంటే ఇండియాలో రాత్రి తొమ్మిది, అప్పటికి ఆయన పడుకుంటారు.

వచ్చేటప్పుడు ఏ డబ్బా తేకు, ఆవకాయ నా దగ్గర ఉంది.

మీ పిన్ని