ఇంటి యాస మాన్పించకండి
గాజువాక నుంచి రాసిన అమ్మా, ఇంటి యాస వల్ల బాబు ఆలోచన దెబ్బతింటుందని టీచర్ అన్నారని టెన్షన్ పడకండి. అది నిజం కాదు. అమెరికా భాషాశాస్త్రవేత్త విలియం లబోవ్ 1960లలో న్యూయార్క్ నల్లజాతి కుర్రాళ్ల మాటతీరును పరిశీలించి, దానికీ సొంత వ్యాకరణం, గట్టి తర్కం ఉన్నాయని చూపించారు. మన విశాఖ మాటా అంతే. బడిలో వాడుక భాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి 1863లో శ్రీకాకుళం వైపు పుట్టినవారే! ఆయన పుట్టినరోజే, ఆగస్టు 29, మన తెలుగు భాషా దినోత్సవం. ఈ మాట టీచర్‌గారికి మర్యాదగా చెప్పండి.

పుస్తకాల తెలుగు మాత్రం విడిగా నేర్పాల్సిందే. సాయంత్రం నాయనమ్మతో బాబును యాసలోనే కబుర్లు చెప్పనివ్వండి. తర్వాత అదే కబురు నాలుగు వాక్యాల్లో పరీక్ష భాషలో రాయించండి. దిద్దేటప్పుడు "పరీక్షలో ఇలా రాస్తాం" అనండి, వెక్కిరించకండి.