యువ రచయితకు లేఖ: ఓసీఎస్పీ ప్రమాణాన్ని సరిదిద్దేటప్పుడు

చిరంజీవికి ఆశీస్సులు.

వెబ్‌సైట్ల, మనుషుల గుర్తింపును ధ్రువపరిచే డిజిటల్ సర్టిఫికెట్లు రద్దయ్యాయో లేదో ఆన్‌లైన్‌లో సరిచూసే ఓసీఎస్పీ ప్రొటోకాల్ మీద మీ బృందం తలపెట్టిన ముసాయిదాకు నువ్వు సంపాదకత్వం ఒప్పుకున్నావని తెలిసి సంతోషించాను. నువ్వు పంపిన తొలి ప్రతిని నిదానంగా చదివాను. భాష హాయిగా చదివిస్తోంది. నా అభ్యంతరం కూడా దాని గురించే. ప్రమాణ పత్రాన్ని హాయిగా కూర్చుని చదివేవారు ఉండరు. దాన్ని తెరిచేది ప్రోగ్రాం రాసే మనిషి. తనకు కావలసిన పేరా వెతుక్కుని, అదొక్కటే చదివి, పత్రం మూసేస్తాడు. మీ చర్చల్లో అతను పాల్గొనలేదు, నీ ఉద్దేశం ఏమిటో అడగడానికి నీ చిరునామా వెతకడు, పత్రం ప్రకారం ఎంత తక్కువ చేస్తే సరిపోతుందో అంతే చేస్తాడు. ప్రతి వాక్యాన్నీ ఆ మనిషి ఎలా చదువుతాడో ఊహించుకుని సరిచూడు. అప్పుడు నీ ప్రతిలో సగం విశేషణాలు వాటంతట అవే రాలిపోతాయి.

ఈ పనిలో నేను అన్నిటికంటే ముందుగా చూసేది, ఒక సమాధానం ఏం చెబుతుందో రాసిన చోటే అది ఏం చెప్పడం లేదో కూడా రాశామా అన్నది. ఓసీఎస్పీ చరిత్రలో దీనికి పెద్ద ఉదాహరణే ఉంది. 1999 జూన్‌లో వెలువడిన ఆర్‌ఎఫ్‌సీ 2560 (ఇంటర్నెట్ ప్రమాణాలు ఆర్‌ఎఫ్‌సీ అనే నంబరు వేసిన పత్రాలుగా వస్తాయి) ప్రకారం, క్లయింట్, అంటే అడిగే ప్రోగ్రాం, ఒక సర్టిఫికెట్ సీరియల్ నంబరు పంపి అడిగితే, జవాబిచ్చే రెస్పాండర్ మూడు స్థితుల్లో ఒకటి చెబుతుంది: గుడ్ (బాగుంది), రివోక్డ్ (రద్దయింది), అన్‌నోన్ (తెలియదు). గుడ్ అంటే కనీసం ఆ సర్టిఫికెట్ రద్దు కాలేదని అర్థమనీ, అంతమాత్రాన అది అసలు జారీ అయిందని అనుకోనక్కరలేదనీ ఆ పత్రం దాచకుండానే రాసింది. అప్పట్లో చాలా రెస్పాండర్లు రద్దు జాబితాను దగ్గర పెట్టుకుని జవాబు చెప్పేవి. జాబితాలో కనబడని నంబరుకు అవి గుడ్ అనక మరేమంటాయి? రాసినవారు ఉన్న పరిస్థితిని ఉన్నట్టు రాశారు. చదివినవారిలో ఎక్కువమంది మాత్రం ఆ స్థితి పేరు చూసి, దాని కింద ఉన్న వాక్యాన్ని దాటేశారు.

పన్నెండేళ్ల తరువాత, 2011 వేసవిలో, నెదర్లాండ్స్‌లోని డిజినోటార్ అనే సర్టిఫికెట్ జారీ సంస్థ వ్యవస్థల్లోకి ఎవరో చొరబడి, గూగుల్ పేరుతో సహా ఐదు వందలకు పైగా దొంగ సర్టిఫికెట్లు పుట్టించారు. వాటిలో కొన్నిటి గురించి ఆ సంస్థ దగ్గర రికార్డే మిగల్లేదు. రికార్డు లేకపోతే సీరియల్ నంబరు తెలియదు, నంబరు తెలియకపోతే రద్దు చేయడానికి వీలులేదు, రద్దు కాని నంబరును ఎవరు అడిగినా రెస్పాండర్ ప్రమాణాన్ని అక్షరాలా పాటిస్తూనే గుడ్ అని సంతకం చేసి పంపుతుంది. చివరికి ఆ రెస్పాండర్ పద్ధతినే తిరగేసి, తమ రికార్డులో ఉన్న సర్టిఫికెట్లకు మాత్రమే గుడ్ అని జవాబు వచ్చేలా మార్చవలసి వచ్చింది. ఆ సంస్థ అదే సెప్టెంబరులో దివాలా తీసింది.

2013 జూన్‌లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 6960 ఈ లోపాన్ని ఎలా సరిదిద్దిందో నువ్వు ఓపిగ్గా చదవాలి, ఎందుకంటే సంపాదకుడి నైపుణ్యం అందులో బాగా కనబడుతుంది. జారీ కాని సర్టిఫికెట్ కోసం నాలుగో స్థితిని చేర్చి ఉంటే పత్రం చూడడానికి శుభ్రంగా ఉండేది, కానీ అప్పటికే లోకంలో నడుస్తున్న క్లయింట్లకు ఆ కొత్త స్థితి అర్థమయ్యేది కాదు. అందుకని, సర్టిఫికెట్ సంస్థ ఎన్నడూ జారీ చేయని నంబరు గురించి అడిగితే రెస్పాండర్ రివోక్డ్ అని చెప్పవచ్చని అనుమతించారు. అలా చెప్పినప్పుడు రద్దు తేదీగా 1970 జనవరి 1 వేయాలనీ, కారణంగా సర్టిఫికెట్‌హోల్డ్ చూపించాలనీ, ఈ విస్తరించిన అర్థంలో మాట్లాడుతున్నట్టు తెలిపే ఎక్స్‌టెన్షన్ అనే అదనపు భాగాన్ని జతచేయాలనీ నియమించారు. పాత క్లయింటుకు అది మామూలు రద్దుగానే కనబడి, ఆ సర్టిఫికెట్‌ను తిరస్కరిస్తుంది. కొత్త క్లయింటుకు అసలు సంగతి తెలుస్తుంది. హోల్డ్ అనే తాత్కాలిక కారణాన్ని ఎంచుకోవడంలోనూ వివేకం ఉందని నా అభిప్రాయం: ఈరోజు జారీ కాని నంబరుతో రేపు న్యాయంగానే ఒక సర్టిఫికెట్ జారీ కావచ్చు, అప్పుడు నిన్నటి జవాబు దానికి శాశ్వతంగా అడ్డం పడకూడదు.

ఇంత చేసి కూడా ఆ పత్రం దీన్ని తప్పనిసరి చేయలేదు. రద్దు జాబితా తప్ప మరేమీ అందని రెస్పాండర్లు అప్పటికీ ఉన్నాయి కనుక తప్పనిసరి చేయడానికి వీలులేదు. బ్రౌజర్లు నమ్మే బహిరంగ సర్టిఫికెట్ సంస్థల విషయంలో ఆ పట్టుదల చూపింది, సర్టిఫికెట్ సంస్థలూ బ్రౌజర్ తయారీదారులూ కలిసి నడిపే సీఏ/బ్రౌజర్ ఫోరం: 2013 ఆగస్టు 1 నుంచి, జారీ కాని సర్టిఫికెట్‌కు గుడ్ అని చెప్పకూడదని తన నిబంధనల్లో శాసించింది. ప్రొటోకాల్ పత్రం అందరికీ సాధ్యమైనదాన్ని నిర్వచిస్తుంది, విధాన పత్రం కొందరి మీద అదనపు బాధ్యత పెడుతుంది. నీ ముసాయిదా మూడో విభాగంలో ఈ రెండూ కలిసిపోయాయి. సర్టిఫికెట్ సంస్థ ఎన్ని గంటల్లో రద్దు చేయాలన్న వాక్యానికి అక్కడ పని లేదు.

మస్ట్ (తప్పనిసరి), షుడ్ (తగిన కారణం లేనిదే మానకూడదు), మే (ఐచ్ఛికం) అనే మాటల అర్థం చెప్పే ఆర్‌ఎఫ్‌సీ 2119 చదివే ఉంటావు. దానితో పాటు 2017 నాటి ఆర్‌ఎఫ్‌సీ 8174 కూడా చదువు. ఈ మాటలు పూర్తిగా ఇంగ్లీషు పెద్ద అక్షరాల్లో (క్యాపిటల్స్‌లో) ఉన్నప్పుడే ఆ ప్రత్యేకార్థం వర్తిస్తుందని అది తేల్చింది. మన మీమాంసకులు వేద వాక్యాలను విధి, నిషేధం, అర్థవాదం (ప్రశంసగానో వివరణగానో చెప్పే మాట) అంటూ విడదీసి చూసేవారు. నీ ప్రతిని కూడా ఆ కన్నుతో ఒకసారి చూస్తే, విధులు కొన్ని వివరణ వాక్యాల్లో దాక్కుని ఉన్నాయనీ, ఉత్త వివరణలు కొన్ని మస్ట్ తగిలించుకుని కూర్చున్నాయనీ తెలుస్తుంది. షుడ్ అని రాసిన ప్రతిచోటా, ఏ పరిస్థితిలో దాన్ని పాటించకపోవచ్చో, పాటించకపోతే ఏం నష్టమో పక్కనే రాయి. ఆ రెండూ రాయలేకపోతే, చర్చలో ఎవరినీ నొప్పించకుండా ఉండడానికి ఆ షుడ్ పుట్టిందన్నమాట. దాన్ని మస్ట్ చేయమనో మే చేయమనో బృందాన్ని అడుగు.

నీ ప్రతిలో ఒకే వస్తువు ఒక పేరాలో రెస్పాండర్, మరో పేరాలో సర్వర్, ఇంకో చోట స్థితి తెలిపే సేవ అయింది. కావ్యంలో పునరుక్తి దోషమని చిన్నప్పటి నుంచి నేర్చుకున్నవాళ్లం మనం, ఆ అలవాటు ఏ భాషలో రాసినా వెంటే వస్తుంది. ప్రమాణ పత్రంలో పేరు మారితే వస్తువు మారిందని చదివేవాడు అనుకుంటాడు, అలా అనుకునే హక్కు అతనికి ఉంది. ముఖ్యంగా ఈ ప్రొటోకాల్‌లో సమాధానం మీద సర్టిఫికెట్ సంస్థే సంతకం చేయవచ్చు, లేదా ఓసీఎస్పీ సంతకం కోసమే అది ప్రత్యేకంగా సర్టిఫికెట్ ఇచ్చిన రెస్పాండర్ చేయవచ్చు. ఎవరి సంతకాన్ని ఎప్పుడు నమ్మాలన్నది ఆ తేడా మీదే ఆధారపడి ఉంది. అక్కడ పర్యాయపదం వాడితే భద్రతా లోపం అవుతుంది.

మరొక చోట నీ చెయ్యి పత్రాన్ని సర్దడానికి తొందరపడింది. దోష సమాధానాల (ఎర్రర్ జవాబుల) పట్టికలో మూడు తరువాత ఐదు రావడం చూసి, ఐదును నాలుగు చేశావు. ట్రై లేటర్ (తరువాత అడుగు) అన్న జవాబుకు మూడు, సిగ్ రిక్వైర్డ్ (ప్రశ్న మీద సంతకం కావాలి) అన్నదానికి ఐదు. నాలుగు వాడుకలో లేదని మూల పత్రమే చెబుతోంది. ఆ అంకెలు యంత్రాల మధ్య వైరు మీద ప్రయాణించేవి, వాటిని సర్దే అధికారం సంపాదకుడికి లేదు. దయచేసి వెంటనే పాతదాన్ని తిరిగి పెట్టు.

ఆ పట్టిక దగ్గరే ఇంకో మాట రాయవలసి ఉంది. ఓసీఎస్పీలో దోష సమాధానాలకు సంతకం ఉండదు. దారిలో కూర్చున్న దాడిదారు ట్రై లేటర్ అని ఒక్క అంకె పంపితే, అది నిజంగా రెస్పాండర్ నుంచే వచ్చిందో లేదో క్లయింటుకు తెలియదు. జవాబు రాకపోయినా ముందుకు సాగిపోయే క్లయింటు విషయంలో ఇంత చిన్న ఉపాయంతో మొత్తం తనిఖీని తప్పించవచ్చని భద్రతా పరిశోధకుడు మాక్సీ మార్లిన్‌స్పైక్ 2009లోనే చూపించాడు. నీ భద్రతా విభాగం మాత్రం దోష సమాధానాలను నెట్‌వర్క్ ఇబ్బందుల కింద లెక్కవేసి వదిలేసింది. జవాబు అందనప్పుడు, సంతకం లేని జవాబు అందినప్పుడు, సంతకం సరిపోని జవాబు అందినప్పుడు క్లయింటు ఏం చేయాలో మూడింటికీ విడివిడిగా రాయి. ఏం చేయాలో నిర్ణయించలేకపోతే, నిర్ణయాన్ని స్థానిక విధానానికి వదిలేస్తున్నామని బాహాటంగా రాయి. ఊరుకోవడం మాత్రం వద్దు.

ఊరుకుంటే ఏమవుతుందో నాన్స్ విషయంలో చూడవచ్చు. పాత సమాధానాన్ని మళ్లీ పంపి మోసగించకుండా క్లయింటు ప్రశ్నలో పెట్టే ఆ యాదృచ్ఛిక విలువకు ఎంత పొడవు ఉండాలో ఆర్‌ఎఫ్‌సీ 6960 చెప్పలేదు. పొడవుకు హద్దు లేకపోవడం దాడులకు సందు ఇస్తుందని గుర్తించి 2020లో ఆర్‌ఎఫ్‌సీ 8954 దాన్ని 32 ఆక్టెట్లకు (బైట్లకు) పరిమితం చేసింది. 2024లో ఆర్‌ఎఫ్‌సీ 9654 వచ్చి ఆ పరిమితిని 128కి పెంచింది. రాయని ఒక్క సంఖ్య కోసం రెండు పత్రాలు పట్టాయి. నీ ముసాయిదాలో పొడవు, సంఖ్య, గడువు వచ్చే ప్రతి చోటా కనిష్ఠం, గరిష్ఠం రాసి ఉన్నాయో లేదో చూసుకో.

సమాధానంలో కాలం తెలిపే క్షేత్రాల (ఫీల్డుల) విషయంలో మరింత జాగ్రత్త కావాలి. దిస్‌అప్‌డేట్ అంటే చెప్పిన స్థితి ఏ సమయానికి సరైనదని తెలిసిందో ఆ సమయం, ప్రొడ్యూస్డ్‌యాట్ అంటే రెస్పాండర్ సంతకం చేసిన సమయం, నెక్స్ట్‌అప్‌డేట్ అంటే ఇంకా తాజా సమాచారం ఎప్పటిలోగా వస్తుందో ఆ సమయం. నెక్స్ట్‌అప్‌డేట్ లేకపోతే, తాజా సమాచారం ఎల్లవేళలా దొరుకుతుందని ఆర్‌ఎఫ్‌సీ 6960 అర్థం చెప్పింది. ముందే తయారుచేసి క్యాష్‌లలో (తాత్కాలిక నిల్వల్లో) ఉంచే సమాధానాల కోసం 2007లో రాసిన తేలికపాటి ప్రొఫైల్ (మూల ప్రమాణాన్ని ఒక వాడుకకు తగ్గట్టు బిగించే పత్రం), ఆర్‌ఎఫ్‌సీ 5019, ఆ క్షేత్రం లేని సమాధానాన్ని క్లయింటు తిరస్కరించాలంది. రెండు పత్రాలూ తమ తమ పరిధిలో సరైనవే. నువ్వు రాస్తున్నది కూడా ప్రొఫైలే కనుక, మూల ప్రమాణం వదులుగా విడిచినచోట ఎంత బిగించావో చెప్పడమే నీ పత్రం చేయగల పని. మూలంలోని వాక్యాలను నీ మాటల్లో తిరగరాయకు, విభాగం సంఖ్య చూపించు. ఒకే నియమం రెండు చోట్ల రెండు రకాలుగా ఉంటే అమలుచేసేవాళ్లు తమకు సులువైనదాన్ని ఎంచుకుంటారు.

ఇక గోప్యత విభాగం. నీ ప్రతిలో అది రెండు వాక్యాలతో ముగిసింది. ఓసీఎస్పీ ప్రశ్న సాధారణంగా గుప్తీకరణ లేని హెచ్‌టీటీపీ మీద వెళుతుంది. ఏ చిరునామా నుంచి ఎవరు ఏ సైటు సర్టిఫికెట్ గురించి ఎప్పుడు అడిగారో సర్టిఫికెట్ సంస్థకు, దారిలో వినేవారికి తెలిసిపోతుంది. డిజినోటార్ దర్యాప్తులో ఫాక్స్-ఐటీ అనే సంస్థ, గూగుల్ పేరున్న దొంగ సర్టిఫికెట్ దాదాపు 3 లక్షల ఐపీ చిరునామాలకు ఎదురైందనీ వాటిలో 99 శాతానికి పైగా ఇరాన్‌లోవేననీ తేల్చింది ఓసీఎస్పీ రెస్పాండర్ లాగ్ చూసే. బాధితులను లెక్కించడానికి పనికివచ్చిన ఆ లాగే, మామూలు రోజుల్లో, ఎవరు ఏం చూస్తున్నారో చెప్పే జాబితా. టీఎల్‌ఎస్ (వెబ్ సంబంధాన్ని గుప్తీకరించే పద్ధతి) సర్వరే సమాధానాన్ని ముందుగా తెచ్చుకుని తన సర్టిఫికెట్‌తో పాటు అందించే స్టేప్లింగ్ పద్ధతి ఇందుకు మంచి విరుగుడే, కానీ అన్ని సర్వర్లూ దాన్ని అందుకోలేదు. సీఏ/బ్రౌజర్ ఫోరం 2023లో ఓసీఎస్పీని ఐచ్ఛికం చేసింది. సర్టిఫికెట్ సంస్థ అయిన లెట్స్ ఎన్‌క్రిప్ట్ గోప్యతనే ముఖ్య కారణంగా చెప్పి, రద్దు జాబితాల వైపు మళ్లి, 2025 ఆగస్టులో తన రెస్పాండర్లను ఆపేసింది.

అలాంటప్పుడు ఈ పత్రం ఎందుకని మీ బృందంలో ఒకరు అడిగారని రాశావు. బ్రౌజర్ల సంగతి వేరు, సంతకాల సంగతి వేరు. మన దగ్గర టెండర్లకు, కంపెనీల పన్ను రిటర్నులకు వాడే డిజిటల్ సంతకాల సర్టిఫికెట్లు కూడా వెబ్‌సైట్ల సర్టిఫికెట్ల లాగే ఎక్స్.509 అనే ప్రమాణపు సర్టిఫికెట్లే, సంతకం చేసిన నాటికి సర్టిఫికెట్ చెల్లుబాటులో ఉందని చూపడానికి ఓసీఎస్పీ సమాధానాన్ని పత్రంలోనే పొదిగి దాచే పద్ధతి ఉంది. అలా దాచినదాన్ని పదేళ్ల తరువాత, రెస్పాండర్ ఉనికిలో లేని రోజున, ఒక న్యాయస్థానమో ఆడిటరో తెరిచి చదవవచ్చు. అక్కడ గోప్యత ప్రశ్న వేరు, కాలం ప్రశ్న మరింత కఠినం. నీ పత్రం ఏ వాడుక కోసమో తొలి పేజీలోనే చెప్పేస్తే సగం వాదాలు తగ్గుతాయి. బ్రౌజర్ల కోసం కాదని రాయడానికి వెనకాడకు.

ఆర్‌ఎఫ్‌సీ ఒకసారి వెలువడితే అందులో అక్షరం మారదు. తప్పు దొరికితే ఎర్రాటాగా (తప్పొప్పుల పట్టికగా) నమోదవుతుంది, లేదా కొత్త నంబరుతో మరో పత్రం రావాలి. కనుక ముందుగా 6960 మీద నమోదైన ఎర్రాటాను మొత్తం చదువు. ఇతరులు ఏ వాక్యం దగ్గర తడబడ్డారో తెలుస్తుంది, వాటిలో కొన్ని నీ ముసాయిదాలో యథాతథంగా ఉన్నాయి. తరువాత పట్టికను సరిచేసి, గోప్యత విభాగాన్ని, దోష సమాధానాల భాగాన్ని తిరగరాసి నాకు పంపు. మిగిలినవి బృందంలో చర్చ అయ్యాక చూద్దాం.

ఇట్లు,
నీ శ్రేయోభిలాషి