మిద్దింటికి వచ్చే ముందు

పాపా,

రెండు వారాల కింద మీ నాయన ఫోన్ చేశాడు. బెంగళూరు ఆఫీసులో ఒప్పించుకుని, ఇంటి నుంచే పని చేసుకునేలా మైదుకూరు దగ్గర మన ఊరికి, మన పాత మిద్దింటికి వచ్చేస్తున్నావట. ఇల్లు బాగు చేయించుకుంటావట, మందు మొక్కలు పెంచుతావట, ఇంగ్లీషు మాత్రలు మానేసి మూలికలతో కీళ్లవాతం పోగొట్టుకుంటావట. మొదటి రెండు మాటలకు నా కడుపు నిండిపోయింది. ఇన్నేళ్లు తాళం పడిన ఇంట్లో దీపం పెట్టే మనిషి వస్తోంది. మూడో మాట విన్న తర్వాత మాత్రం ఆ రాత్రంతా కన్ను మూతపడలేదు. ఫోన్లో చెబితే నేను గట్టిగా అరుస్తాను, నువ్వు పెట్టేస్తావు. అందుకే రాస్తున్నాను.

ఇంటి పనిలో పెద్దగా చెప్పాల్సింది లేదు. కరెంటు వైర్లు మొత్తం మార్పించు. బాత్‌రూంలో వెస్టర్న్ టాయిలెట్, పక్కన గోడకు పట్టుకునే కడ్డీ పెట్టించు. కొళాయిలు వేళ్లతో తిప్పేవి వద్దు, ముంజేతితో ఎత్తే పొడుగు పిడివి తీసుకో.

మిద్దె మీద తోట మాత్రం వద్దే వద్దు. నువ్వు అనుకుంటున్నట్టు అది స్లాబు కాదు. మీ ముత్తాత కాలంనాటి వేప దూలాల మీద బండలు పరిచి, పైన చవుడు పోసిన కప్పు. తడిసిన మన్ను ఘనపుటడుగుకు దగ్గర దగ్గర యాభై కిలోలు తూగుతుంది. నువ్వు మీ నాయనకు చెప్పిన తొట్టి నాలుగడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, అడుగు లోతు కదా. ఒక్కటే నాలుగు క్వింటాళ్లు. అలాంటివి పది పెడితే చెనిక్కాయల మూటలు వంద మిద్దె మీదికి ఎక్కించినట్టు. దాని కింద నువ్వు పడుకుంటావు. నేను ఇక్కడ ప్రొద్దుటూరులో ఎట్లా పడుకోను?

ముందు వాకిట్లో వేపచెట్టుకు తూర్పు పక్కన పెట్టు. ఎర్రగుంట్ల నుంచి మన కడప బండలు నాలుగు తెప్పించి, రెండున్నర అడుగుల ఎత్తు ఇటుక దిమ్మెల మీద పరిపించు. కుండీలు వాటి మీద ఉంటే నువ్వు కూర్చోనక్కర్లేదు, వంగనక్కర్లేదు. మన్నులో సగానికి సగం కొబ్బరి పొట్టు, పశువుల ఎరువు కలుపు, బరువు తగ్గుతుంది. గుప్పెడు వేపచెక్క కూడా వెయ్యి. నీళ్లు బిందెతో మొయ్యొద్దు, సన్న డ్రిప్పు పైపు వేయించు. చిన్న పారకు, కత్తెరకు పాత చీర గుడ్డ లావుగా చుట్టి కట్టుకో, పిడి లావైతే వేళ్ల మీద భారం తగ్గుతుంది. పొద్దున్నే నీ వేళ్లు బిగుసుకుని ఉంటాయి కాబట్టి తోట పని సాయంత్రం పెట్టుకో. మేలో గ్రీన్ నెట్ లేకపోతే మన ఎండకు ఒక్క మొక్క నిలవదు. చేతికి గ్లవ్స్ లేకుండా మట్టి ముట్టొద్దు. నువ్వు వాడే మందు రోగంతో పోరాడే శక్తిని కొంచెం తగ్గించే రకం, గీసుకున్న చోట చీము పడితే తేలిగ్గా తీసుకోవద్దు.

మొక్కల్లో వావిలి ముందు పెట్టు. వావిలాకు వేసి కాచిన నీళ్లతో స్నానం చేస్తే ఒళ్లు ఎంత తేలికవుతుందో నాకు తెలుసు. నల్లేరు పెట్టు, పచ్చడి నేను చేసి చూపిస్తాను, దురద లేకుండా ఈనెలు తియ్యడం చేతికి అలవాటు కావాలి. మునగ, కలబంద, వాము ఆకు, తులసి, నీ ఇష్టం. తిప్పతీగ మాత్రం గోడ మీద అందంగా పాకనివ్వు, కషాయం కాచుకుని తాగొద్దు. కరోనా రోజుల్లో తిప్పతీగ తాగి లివర్ దెబ్బతిన్న వాళ్ల గురించి 2021లో ముంబయి డాక్టర్లు రాశారు. అది అసలు తిప్పతీగ కాదు, దాన్ని పోలిన ఇంకో తీగ అయ్యుంటుందని కేంద్ర ఆయుష్ శాఖ వాళ్లు అన్నారు. ఎవరి మాట నిజమైనా, నీ మాత్ర కూడా లివర్ మీద భారం వేసేదే. రెండు బరువులు ఒక్క ఎద్దు మీద వెయ్యకూడదు.

వావిలాకు అంటే నాకు మీ పెద్దనాయన గుర్తొస్తారు. ఇది మీ నాయనకు కూడా పూర్తిగా తెలియదు. నీకు చెబుతున్నాను.

1996లో ఆయనకూ నీ జబ్బే. రెండు మోకాళ్లు, మణికట్లు వాచి, చొక్కా గుండీలు నేనే పెట్టేదాన్ని. మాత్రలతో కడుపులో మంట, తగ్గింది అంతంతే. అప్పుడు ఎవరో చెబితే ఒక వైద్యుడి దగ్గరికి నేనే పట్టుకెళ్లాను. ఆయన వద్దన్నారు, నేనే పట్టుబట్టాను. జిల్లా పరిషత్ హైస్కూల్లో పిల్లలకు సైన్సు చెప్పే మనిషిని. ఏముంది ఇందులో అని ఒక్క ప్రశ్న అడగలేదు. పేరు లేని పొట్లాల్లో బూడిద రంగు పొడి, తేనెలో కలిపి రోజుకు రెండు పూటలు.

పది రోజుల్లో ఆయన తనంతట తాను బావి గట్టు ఎక్కారు. నేను ఏడ్చేశాను సంతోషంతో. కనిపించిన ప్రతి ఒక్కరికీ ఆ పొడి గురించి చెప్పాను. ముఖం గుండ్రంగా నిండింది, ఒళ్లు చేశాడని ఊరంతా అన్నారు. చేతులు సన్నబడటం, చర్మం మీద కొంచెం తగిలినా నల్లగా కమలడం నేను చూశాను, పట్టించుకోలేదు. షుగర్ వచ్చింది. వయసు కదా అనుకున్నాం. అలా ఏడాదికి పైగా.

తర్వాత ఒక మే నెలలో వెళ్తే ఆ ఇంటికి తాళం. ఎక్కడికి పోయాడో ఎవరూ చెప్పలేదు. పొట్లాలు అయిపోయాయి. మూడో రోజు నుంచి వాంతులు. ఐదో రోజు మంచం మీద నుంచి లేవలేకపోయారు, మాట తడబడింది, బీపీ పడిపోయింది. ఆస్పత్రిలో చేర్చాం. ఎండాకాలం కదా, వడదెబ్బ అనుకుని సెలైన్ పెట్టారు. డాక్టరు నన్ను అడిగాడు, "ఏమ్మా, నాటు మందులేమైనా వాడారా?"

"లేదు సార్" అన్నాను.

అవును, లేదన్నాను. టీచరమ్మ అయి ఉండి ఇదేం పని అంటాడని భయం. అంతే కారణం. ఆ రాత్రంతా ఆయన చల్లబడిపోతుంటే పాదాలు రుద్దుతూ కూర్చున్నాను గానీ నోరు విప్పలేదు. తెల్లవారుజామున ఒక నర్సమ్మ నా పక్కన కూర్చుని మెల్లగా మళ్లీ అడిగింది. అప్పుడు పరుగెత్తాను ఇంటికి. బియ్యం డబ్బా వెనక ఒక ఖాళీ పొట్లం, అడుగున ఇంత పొడి దొరికింది. డాక్టరు దాన్ని చూశాడు, ఆయన గుండ్రటి ముఖం చూశాడు, చేతుల మీద కమిలిన మచ్చలు చూశాడు. ఇంజెక్షన్ చేశారు. సాయంత్రానికి లేచి కూర్చుని మంచినీళ్లు అడిగారు.

ఆ పొడిలో స్టిరాయిడ్, అంటే వాపును ఇట్టే అణిచే ఘాటు మందు, కలిపి ఉంటుందని చెప్పారు. మన మూత్రపిండాల మీద ఉండే గ్రంథులు ఒంటికి కావాల్సినంత స్టిరాయిడ్ రోజూ తయారు చేస్తాయి. బయటి నుంచి ఏడాదిపాటు వస్తుంటే అవి పని మానేసి నిద్రపోతాయి. ఉన్నట్టుండి ఆపితే ఒంట్లో ఏమీ ఉండదు, ప్రాణం మీదికి వస్తుంది. రెండేళ్లకు ఆయన కుడి తుంటి ఎముక కూడా చచ్చుబడింది, అదీ దాని పనే అన్నారు. పోయేదాకా చేతికర్రతోనే నడిచారు. నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది.

ఆ వైద్యుడి మీద నాకు కోపం ఉంది. కానీ నన్ను నిద్ర లేపేది ఆయన పొడి కాదు, నేను అన్న ఆ "లేదు సార్".

అందుకే అమ్మీ, ఆయుర్వేదం జోలికి పోవద్దని నేను అనను. పోతే బీఏఎంఎస్ చదివి రిజిస్టర్ అయిన డాక్టరు దగ్గరికి పో. మందు మీద పేరు, లైసెన్సు నంబరు, బ్యాచ్ నంబరు, తయారీ తేదీ ఉండాలి. చీటీ రాసి సంతకం పెట్టనివాడి చేతి మందు నోట్లో పెట్టొద్దు. కీళ్లవాతం, షుగర్ నయం చేస్తామని ప్రకటన ఇవ్వడమే నేరమని 1954 నుంచి చట్టం ఉంది, గోడ మీద బోర్డు చూసి మోసపోవద్దు. పది రోజుల్లో నొప్పంతా పోయిందా, సంబరపడకుండా పొట్లం పట్టుకుని డాక్టరు దగ్గరికి పరుగెత్తు. నీ బెంగళూరు డాక్టరుకు ప్రతి ఆకు, ప్రతి లేహ్యం చెప్పు. తిడతాడా, తిట్టనీ. తిట్టించుకుని ఇంటికి రా.

నీ మెథోట్రెక్సేట్ మాత్ర నీ అంతట నువ్వు మానొద్దు. కీళ్లు దెబ్బతినేది ఎక్కువగా మొదటి రెండు మూడేళ్లలోనే, వంకర పోయిన వేలు మళ్లీ తిన్నగా రాదు. అది వారానికి ఒక్కసారే వేసుకునే మందు. పొరపాటున రోజూ వేసుకుంటే ప్రాణాలు పోతాయి. క్యాలెండర్‌లో మాత్ర వేసుకునే ఆ ఒక్క రోజు మీద ఎర్రగా చుట్టు. ఫోలిక్ యాసిడ్, రక్త పరీక్షలు తప్పించొద్దు. వికారంగా ఉందన్నావట, అది డాక్టరుకు చెప్పు, మోతాదు మార్చే దారులు, ఇంజెక్షన్‌గా ఇచ్చే దారి ఉన్నాయి. పిల్లల ఆలోచన వచ్చినప్పుడు మాత్రం నెలల ముందే చెప్పాలి, కడుపుతో ఉండగా ఆ మందు అస్సలు కూడదు. ఇది నీ మొగుడికి కూడా చెప్పు.

ఆ మాత్ర పరాయిది అనుకోవద్దు. భీమవరంలో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికాలో లెడర్లీ అనే మందుల కంపెనీ ల్యాబ్‌లో పరిశోధనకు పెద్దగా ఉన్నప్పుడు, ఆయన బృందం తయారు చేసింది. మొదట రక్త క్యాన్సర్ కోసం, తర్వాత తక్కువ మోతాదులో కీళ్లవాతానికి. 1923లో హార్వర్డ్‌కు పోకముందు ఆయన మద్రాసు ఆయుర్వేద కాలేజీలో పాఠాలు చెప్పినవాడే. ఈ కథ నేను ప్రతి ఏడూ పదో తరగతి పిల్లలకు చెప్పేదాన్ని. ఇంట్లో పొట్లం విప్పి తేనెలో కలిపిన ఆ ఏడు కూడా చెప్పాను.

నువ్వు వచ్చే రోజు ముందుగానే చెప్పు, నేను ఒక రోజు ముందే వెళ్లి ఇల్లు ఊడ్పించి పాలు పొంగిస్తాను. వావిలి కొమ్మలు రెండు తడి గోనెలో చుట్టి ఉంచాను, వేర్లు పడుతున్నాయి. ఆ పాత ఇత్తడి తాళం తిప్పాలంటే వేళ్లల్లో బలం కావాలి. మీ పెద్దనాయనే చివరి రోజుల్లో దాన్ని తియ్యలేక నన్ను పిలిచేవారు. మొన్న మనిషిని పంపి మార్పించాను. కొత్తది నొక్కితే పడుతుంది, తాళంచెవి పెద్దది, అరచేత్తో తిప్పొచ్చు.

మీ పెద్దమ్మ