షేర్డ్ డ్రైవులో వేల ఫైళ్ల పేర్లు ఒకేసారి మార్చాలంటే: ముందు పట్టిక, తరువాత కమాండ్

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది: నాస్ (నెట్‌వర్క్ ద్వారా అందరూ వాడుకునే నిల్వ పెట్టె) మీద ఉన్న షేర్డ్ డ్రైవులో కొన్ని వేల స్కాన్ ఫైళ్లు ఉన్నాయి, ఎవరికి తోచిన పేరు వారు పెట్టారు, వాటన్నిటినీ తెలుగు శీర్షిక, సంవత్సరం, వరుస సంఖ్య అనే ఒకే పద్ధతిలోకి తేవాలి, ఆ డ్రైవు మీద రోజంతా మరికొందరు పనిచేస్తూనే ఉంటారు. నేను ఒక గ్రంథాలయంలో పాత పుస్తకాలను, పత్రికలను స్కాన్ చేసి భద్రపరిచే విభాగాన్ని చూస్తున్నాను. ఇదే పనిని దాదాపు ఇలాంటి ఏర్పాటు మీదే చేశాము కనుక కొంచెం వివరంగా రాస్తున్నాను. ఏ సాఫ్ట్‌వేర్ వాడాలన్నది చివరగా తేల్చుకోవలసిన విషయం. పాత పేరు ఒక గడిలో, కొత్త పేరు పక్క గడిలో ఉండే పట్టికను తయారు చేయడమే అసలు పని. పేర్లు మార్చడమంటే ఆ పట్టికను అమలు చేయడమే.

చాలామంది నేరుగా ‘వెతుకు, మార్చు’ పద్ధతితో మొదలుపెడతారు. పేర్లన్నీ ఒకే అచ్చులో ఉంటే అది చాలు. మన ఫైళ్లు అలా ఉండవు. రోమన్ లిపిలో లక్ష్మి అనే పేరును ఒకరు ఎక్స్ అక్షరంతో రాస్తే మరొకరు కె, ఎస్, హెచ్ కలిపి రాస్తారు. దీర్ఘానికి ఒకరు ఎ రెండుసార్లు పెడితే ఇంకొకరు ఒక్కసారే పెడతారు. ఏది ఏ పుస్తకమో మనిషి చూసి నిర్ణయించవలసిందే. ఆ నిర్ణయాలన్నీ పట్టికలో ఉంటే ఇద్దరు ముగ్గురు పంచుకుని సరిచూడవచ్చు. పైగా వెనక్కి వెళ్లడానికి ఉన్న నమ్మకమైన దారి కూడా ఆ పట్టికే. ఎక్స్‌ప్లోరర్‌లో కంట్రోల్, జెడ్ నొక్కితే పేరు వెనక్కి వస్తుంది కానీ, కంప్యూటర్ మూసి తెరిచాక ఆ అవకాశం ఉండదు. రెండు గడులను తారుమారు చేసి అదే పట్టికను మళ్లీ నడిపితే మాత్రం ఆరు నెలల తరువాత కూడా పాత పేర్లు తిరిగి తెచ్చుకోవచ్చు.

పట్టిక కోసం పవర్‌షెల్‌తో (విండోస్‌లో కమాండ్లు టైపు చేసి పని చేయించే సాధనం) ఫోల్డరులోని పేర్లను సీఎస్‌వీ ఫైలుగా, అంటే గడులను కామాలతో విడదీసిన మామూలు టెక్స్ట్ ఫైలుగా రాయించి ఎక్సెల్‌లో తెరవండి. విండోస్‌తో పాటు వచ్చే పవర్‌షెల్ 5.1లో ఎన్‌కోడింగ్ (అక్షరాలను ఫైలులో దాచే పద్ధతి) యూటీఎఫ్-8 అని విడిగా చెప్పకపోతే తెలుగు అక్షరాల స్థానంలో ప్రశ్నార్థకాలు పడతాయి. ఎక్సెల్ నుంచి తిరిగి భద్రపరిచేటప్పుడు కూడా మామూలు సీఎస్‌వీని కాక, జాబితాలో ‘యూటీఎఫ్-8’ అని రాసి ఉన్న సీఎస్‌వీనే ఎంచుకోవాలి. మామూలు రకంలో భద్రపరిస్తే తెలుగంతా మళ్లీ ప్రశ్నార్థకాలవుతుంది.

తెలుగు పేర్ల విషయంలో మరో చిక్కు ఉంది. ఇంగ్లీషు పేర్లతో పనిచేసేవారికి ఇది ఎదురుకాదు కాబట్టి సాధారణ సూచనల్లో కనబడదు. మా డ్రైవులో ఒకే ఫోల్డరులో ‘హైదరాబాద్’ అనే పేరుతో రెండు ఫైళ్లు పక్కపక్కన కనిపించాయి. ఒకే పేరుతో రెండు ఫైళ్లు ఉండటం అసాధ్యం కదా అని ఎక్సెల్‌లో లెన్ సూత్రంతో పొడవు చూస్తే ఒకదానికి 9, రెండవదానికి 10 వచ్చింది. అన్ని భాషల అక్షరాలకూ సంకేతాలు ఇచ్చే యూనికోడ్‌లో ఐత్వానికి ఒకే సంకేతం ఉంది. అదే గుర్తును ఎత్వం, దాని కింద వచ్చే గుర్తు అని రెండు సంకేతాలుగా విడదీసి కూడా రాయవచ్చు. పాత మ్యాక్ కంప్యూటర్ల హెచ్‌ఎఫ్‌ఎస్ ప్లస్ ఫైల్ సిస్టం పేర్లను విడదీసిన రూపంలోనే దాచేది. అక్కడ జిప్ చేసిన ఫైళ్లను ఇక్కడ విప్పితే ఆ రూపమే వస్తుంది. కంటికి రెండూ ఒకటే, విండోస్‌కూ లినక్స్‌కూ మాత్రం రెండు వేర్వేరు పేర్లు. అందుకే ‘హై’, ‘మై’, ‘కై’ ఉన్న పేర్లన్నిటినీ పవర్‌షెల్‌లోని నార్మలైజ్ అనే పద్ధతి గుండా పంపి ఒకే రూపంలోకి తెచ్చాకే పట్టికలో పోల్చి చూడాలి.

ఇలాంటిదే, పొల్లు తరువాత వచ్చే కనిపించని అక్షరం. ‘రికార్డ్’ వంటి పదం చివర కొన్ని టైపింగ్ పరికరాలు జీరో విడ్త్ నాన్ జాయినర్‌ను వదిలిపెడతాయి. పదం మధ్యలో దానికి పని ఉంటుంది, చివర ఉంటే ఏ ప్రయోజనమూ లేదు. వెతికే పెట్టెలో ఆ పదాన్ని మామూలుగా టైపు చేసినవారికి ఫైలు దొరకకపోవచ్చు. కొత్త పేర్ల గడిలో పదాల చివర ఉన్న ఈ అక్షరాన్ని తప్పకుండా తీసివేయించండి.

పొడవు గురించి కూడా ముందే లెక్క వేయాలి. నాస్ పెట్టెల్లో చాలావాటిలో లినక్స్ ఉంటుంది, అందులో ఒక ఫైలు పేరు 255 బైట్లకు మించకూడదు. ఇంగ్లీషు అక్షరానికి ఒక బైటు, తెలుగు సంకేతానికి మూడు. అంటే మనకు దక్కేవి 85 సంకేతాలే. ఒత్తులు, గుణింతాలు, పొల్లు అన్నీ విడివిడిగా లెక్కకు వస్తాయి. ‘శ్రీకృష్ణదేవరాయలు’ అని రాస్తే మనకు కనిపించేవి ఎనిమిది అక్షరాలు, లోపల 17 సంకేతాలు, 51 బైట్లు. ఈక్రిప్ట్‌ఎఫ్‌ఎస్ పద్ధతిలో ఎన్‌క్రిప్ట్ చేసిన ఫోల్డరైతే పరిమితి 143 బైట్లకు పడిపోతుంది, అప్పుడు 47 సంకేతాలతో సరిపెట్టుకోవాలి. విండోస్ వైపు మరొక హద్దు ఉంది: డ్రైవు అక్షరం నుంచి ఫైలు పేరు దాకా మొత్తం దారి 260 అక్షరాల లోపు ఉండాలి. విండోస్ 10లో 2016 నుంచి ఈ హద్దును సడలించే వీలు వచ్చినా ఎక్స్‌ప్లోరర్ దానిని వాడుకోదు. మీరు లోపలి ఫోల్డరును జెడ్ డ్రైవుగా పెట్టుకుని పనిచేస్తే మీకు సరిపోయిన పేరే, పై ఫోల్డరు నుంచి వచ్చేవారికి హద్దు దాటవచ్చు. అందుచేత అందరికంటె పొడవైన దారిని తీసుకుని లెక్కించండి.

వరుస సంఖ్యలకు ముందు సున్నాలు పెట్టండి, తేదీలను 1956-11-01 అన్నట్టు సంవత్సరంతో మొదలుపెట్టి రాయండి. ఎక్స్‌ప్లోరర్ 2ను 10 కంటె ముందే చూపిస్తుంది కానీ స్కాన్లను కలిపి పీడీఎఫ్ చేసే ప్రతి ప్రోగ్రామూ అలా చేయదు.

ఇక అమలు. ఒకరు తెరిచి ఉంచిన ఫైలుకు సాధారణంగా పేరు మారదు. పని సగంలో ఆగి కొన్ని కొత్త పేర్లతో, కొన్ని పాత పేర్లతో మిగిలిపోవడం ఇందువల్లే. కాబట్టి అందరికీ ముందురోజే చెప్పి, ఆఫీసు ముగిశాక చేయండి. విండోస్ సర్వరైతే కంప్యూటర్ మేనేజ్‌మెంట్‌లోని షేర్డ్ ఫోల్డర్స్ కింద ఎవరు ఏ ఫైలు తెరిచారో కనిపిస్తుంది. పేరు మార్చడానికి రాసే అనుమతి ఒక్కటే చాలదు, పాత పేరును తొలగించే అనుమతి కూడా కావాలి. ఒక్కో ఫోల్డరుకు ఒక్కో రకం అనుమతులు ఉన్నచోట ఇది తప్పక సరిచూసుకోవలసిన అంశం. నాస్‌లో స్నాప్‌షాట్ (డ్రైవు ఆ క్షణంలో ఉన్న స్థితిని భద్రపరచడం) సౌకర్యం ఉంటే మొదలుపెట్టే ముందు ఒకటి తీయించండి. వీలైతే వైఫై, వీపీఎన్ వద్దు: ప్రతి పేరు మార్పుకూ సర్వరు దాకా వెళ్లి రావలసి ఉంటుంది, మధ్యలో తెగితే ఎక్కడ ఆగిందో వెతుక్కోవాలి.

పట్టికను చదివి ఒక్కొక్క ఫైలు పేరు మార్చే చిన్న పవర్‌షెల్ స్క్రిప్టు మాకు అన్నిటికంటె నమ్మకంగా పనిచేసింది. పేరు మార్చే రీనేమ్-ఐటమ్ కమాండ్ చివర ‘వాట్‌ఇఫ్’ అనే ఎంపికను జోడించి నడిపితే ఏదీ మార్చకుండా ఏమి చేయబోతుందో చూపిస్తుంది. పేర్లలో చతురస్రపు బ్రాకెట్లు ఉంటే మామూలు పాత్‌కు బదులు లిటరల్ పాత్ అని ఇవ్వాలి, లేకపోతే ఆ ఫైళ్లను అది గుర్తించదు. 001ని 002గా, 002ని 003గా జరపవలసి వస్తే మొదట అన్నిటికీ తాత్కాలిక పేర్లు పెట్టి, రెండవ విడతలో అసలు పేర్లు ఇవ్వండి. స్క్రిప్టు రాయడం ఇష్టం లేనివారికి, ఒక్క ఫోల్డరులో ఒకే తరహా మార్పు కావలసినప్పుడు మైక్రోసాఫ్ట్ సాధనాల సంపుటి పవర్‌టాయ్స్‌లోని పవర్‌రీనేమ్ చక్కగా సరిపోతుంది. కొత్త పేర్లను ముందే పక్కన చూపిస్తుంది.

పేజ్‌మేకర్, ఇన్‌డిజైన్ ఫైళ్లు ఆ స్కాన్లను లింకుగా వాడుతుంటే పేరు మారగానే ఆ లింకులు తెగిపోతాయి. ఎక్సెల్ లింకులకూ, డెస్క్‌టాప్ షార్ట్‌కట్లకూ చాలాసార్లు ఇదే గతి. డీటీపీ చేసేవారిని అడిగి, వారు వాడుతున్న ఫోల్డర్లను ఈ విడతలో వదిలేయడం మంచిది. చివరగా బ్యాకప్. మారిన ఫైళ్లను బ్యాకప్‌కు కాపీ చేసే ఆర్‌సింక్ వంటి సాధనాలు పేరు మారిన ఫైలును కొత్త ఫైలుగా భావించి మొత్తం మళ్లీ కాపీ చేస్తాయి. డిలీట్ ఎంపిక పెట్టి ఉంటే పాత పేరుతో ఉన్న ప్రతిని తీసేస్తాయి. ఆ రాత్రి బ్యాకప్ డిస్కులో అంత ఖాళీ ఉందో లేదో ముందే చూసుకుని, మారిన పేర్లను పట్టికతో పోల్చి సరిచూసేవరకు డిలీట్ ఎంపికను ఆపి ఉంచమని సర్వరు చూసేవారికి చెప్పండి.