బండ్లు లెక్కపెట్టు బిడ్డా

బిడ్డా,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. వర్జీనియాలో మీ లౌడన్ కౌంటీలో పార్కు తీసుకుని, టికెట్ లేకుండా, ఎవరొచ్చినా సరే అని బతుకమ్మ పెడతావట. విన్నప్పుడు కడుపు నిండింది. ఫోన్ పెట్టేసినాక నిద్ర పట్టలేదు. ఇంటి వెనకాల ముప్పై మందితో ఆడుకునుడు వేరు, యాష్‌బర్న్ నుంచి ఆల్డీ దాకా అందరినీ పిలుచుడు వేరు. ఇప్పుడు మార్చి, ఇంకా టైముంది. ఫోన్‌లో చెబితే "సరే పెద్దమ్మా, సరే పెద్దమ్మా" అంటావు, ఒక్కటీ రాసుకోవు. అందుకే రాసి పంపుతున్నా.

చిన్నవి ముందు ముగిస్తా. పార్కులో పైకప్పున్న షెడ్డు, అదే షెల్టర్, దాని బుకింగ్ ఇప్పుడే చెయ్. ఒక్కరోజు ఈవెంట్ ఇన్సూరెన్స్ అడుగుతారు, మామూలుగా పది లక్షల డాలర్ల లయబిలిటీ, అంటే ఎవరికైనా దెబ్బ తగిలితే కట్టేది. ఆ కాగితం మీద కౌంటీ పేరు వాళ్ళు చెప్పినట్టే అక్షరం పొల్లుపోకుండా ఉండాలి, లేకుంటే తిప్పి పంపుతారు. డబ్బాలో చందాలు వేయించుకోవచ్చా అని ముందే అడుగు. ఉచితం అని పర్మిట్ తీసుకుని బల్ల మీద డబ్బా పెడితే చిక్కే. లైబ్రరీల నోటీసు బోర్డుల మీద పెట్టే కాగితంలో బతుకమ్మ అంటే ఏందో ఇంగ్లిషులో నాలుగు వాక్యాలు రాయి: పూల పండగ, తొమ్మిది రోజులు, 2014 నుంచి తెలంగాణ రాష్ట్ర పండగ, చెప్పులు వేసుకుని రావచ్చు. ఆ చివరి ముక్క తేలిగ్గా తీసుకోకు. చెప్పులు విప్పాలేమోనని చాలామంది అంచునే నిలబడిపోతారు.

తారీఖు. శనివారం దొరికింది కదా అని బుక్ చేసేయకు. పెత్రమాస నాడు, అదే మహాలయ అమావాస్య నాడు, ఎంగిలిపూలతో మొదలుపెట్టి వేళ్ళ మీద లెక్కపెట్టు. ఆ శనివారం ఆరో రోజైతే అది అలిగిన బతుకమ్మ, ఆ రోజు పేర్చరు. నువ్వు పట్టించుకోకపోయినా, ఊరి నుంచి వచ్చిన అమ్మమ్మలు పట్టించుకుంటారు. తొమ్మిదో రోజు కాకుండా "సద్దుల" అని కాగితం మీద వేసినా వాళ్ళే నవ్వుతారు.

ఇక పొద్దు. మీ వైపు సెప్టెంబరు చివర్లో ఏడింటికి పొద్దు కుంకుతుంది, అక్టోబరు మధ్యకొస్తే ఆరున్నరకే. పార్కులు చాలావరకు చీకటి పడగానే మూస్తారు. మనవాళ్ళకు నాలుగని చెబితే ఐదింటికి వస్తారు. ఐదున్నరకు ఆట మొదలైతే నీకు మిగిలేది గంట. అందుకని కాగితం మీద మూడు అని వేసి, నాలుగింటికి ఆట మొదలుపెట్టు. ఎవరి కోసమూ ఆపకు, మీ అత్తగారి కోసం కూడా.

ఇప్పుడు అసలు సంగతికొస్తా. నాకు నిద్ర పట్టనిది దీనికే.

ఇక్కడ ఎడిసన్‌లో ఒక ఏడాది మేమంతా కలిసి చేసిన పొరపాటు ఉంది. అన్నం లెక్క సరిగ్గానే వేశాం. మనుషుల లెక్కా వేశాం, రెండువందల యాభై. పార్కింగులో నూట పది గడులున్నాయి. బండికి ముగ్గురేసి వేసుకుంటే ఎనభై ఐదు బండ్లు, ఇంకా పాతిక గడులు మిగులుతాయని సంబరపడ్డాం. రెండు తప్పులు ఆ లెక్కలోనే ఉన్నాయి.

మొదటిది, షెల్టర్ పర్మిట్ షెల్టర్‌కే. పార్కింగ్ నీది కాదు. సెప్టెంబరు, అక్టోబరు శనివారాలంటే పిల్లల సాకర్. ఒక ఆటకు రెండు జట్లు, జట్టుకు పన్నెండు మంది అనుకో, దాదాపు పిల్లకో బండి. అంటే మైదానానికి ఇరవై నాలుగు. కానీ ఆట మారే సమయంలో వెళ్ళేవాళ్ళు ఇంకా కదలరు, వచ్చేవాళ్ళు అప్పటికే దిగుతుంటారు. ఆ పావుగంట అది నలభై ఎనిమిది అవుతుంది. రెండు మైదానాలుంటే తొంభై ఆరు. నూట పది గడుల్లో మనకు మిగిలేవి పద్నాలుగు. మా పర్మిట్ టైమూ, వాళ్ళ ఆట మారే టైమూ ఒక్కటే. ముందురోజు ఎవరైనా పార్కులవాళ్ళను మైదానాల షెడ్యూలు అడిగి ఉంటే ఒక్క నిమిషంలో తెలిసేది. ఎవరం అడగలేదు.

రెండోది, బతుకమ్మకు సీటు కావాలి. రెండడుగుల ఎత్తు పేర్చినదాన్ని డిక్కీలో పెడితే మలుపుకే కూలుతుంది. వెనక సీట్లో పెట్టి, పక్కన ఒకరు కూర్చుని పట్టుకోవాలి. ఇంట్లో అత్త ఒకటి, కోడలు ఒకటి పేర్చారంటే ఆ కుటుంబం రెండు బండ్లలో వస్తుంది. బండికి ముగ్గురు కాదు, ఇద్దరే. ఎనభై ఐదు కాస్తా నూట పాతిక అయింది, అదీ అరగంటలో.

తరువాత ఏమైందో నువ్వే ఊహించుకోవచ్చు. గడ్డి మీదికి ఎక్కించారు. రెండ్రోజుల కిందటే వాన పడింది. చక్రాలు దిగబడి గడ్డి మీద గాడులు పడ్డాయి. డిపాజిట్ పోయింది, మరుసటి ఏడు ఆ పార్కులో అనుమతి రాలేదు. పోతే పోయింది. నాకు ఇప్పటికీ కళ్ళ ముందు కనబడేది అది కాదు. బయట రోడ్డు పక్కన బండ్లు ఆపి, ఫుట్‌పాత్ లేని చోట, మసక చీకట్లో పట్టుచీరలు కట్టుకున్న పెద్దవాళ్ళు నెత్తి మీద బతుకమ్మలు పెట్టుకుని నడిచి వస్తున్నారు. నెత్తి మీద బరువుంటే మెడ తిప్పి వెనక చూడలేరు. అక్కడ బండ్లు నలభై మైళ్ళ వేగంతో పోతుంటాయి. ఒక బండి కీచుమని ఆగింది. ఎవరికీ ఏమీ కాలేదు. ఆ చప్పుడు మాత్రం నా చెవిలోంచి పోలేదు. ఆ ముసలమ్మలు ఆరు నెలలకని ఇండియా నుంచి వచ్చినవాళ్ళు, ఒంటి మీద ఉన్నది విజిటర్ ఇన్సూరెన్సు.

అందుకని చెప్పినట్టు చెయ్. ఉచితమే అయినా పేర్లు నమోదు చేయించు. "ఎంతమంది వస్తారు" అని అడగకు, ఎవరూ నిజం చెప్పరు. రెండే ప్రశ్నలు: ఎన్ని బండ్లు, ఎన్ని బతుకమ్మలు. నమోదు చేయకుండా వచ్చేవాళ్ళుంటారు, ఆ లెక్క మీద మూడోవంతు కలుపుకో. పార్కులవాళ్ళ దగ్గర ఆ రోజు మైదానాల షెడ్యూలు రాతలో తీసుకో. దగ్గర్లో చర్చి ఉంటే శనివారం సాయంత్రం వాళ్ళ పార్కింగ్ వాడుకోవచ్చా అని అడుగు. నోటిమాట కాదు, ఒక ఈమెయిల్ అయినా ఉండాలి.

షెల్టర్ దగ్గర దింపే చోటు ఒకటి పెట్టు. బండి ఆగి, బతుకమ్మనూ పెద్దవాళ్ళనూ దింపి కదలడానికి మూడు నిమిషాలు పడుతుంది. ఒక్క చోటైతే గంటకు ఇరవై బండ్లు, ఐదు చోట్లు పెడితే వంద. ప్రతి చోటా ఒక మనిషి ఉండాలి, మెరిసే చొక్కా, చేతిలో టార్చి. మగవాళ్ళను అక్కడ నిలబెట్టు. ఫొటోలు తరువాత తీసుకుంటారు. డ్రైవరు దిగకూడదు. దిగితే చీర కుచ్చిళ్ళు సర్దేదాకా ఆగుతాడు, వెనక వరస అంతా ఆగుతుంది.

ఫైరింజన్ కోసం ఖాళీగా వదిలే ఫైర్ లేన్ దగ్గర ఒక మనిషిని ఆ పనికే పెట్టు. వర్జీనియాలో ఫైరింజన్ నీళ్ళు పట్టే గొట్టానికి, అదే హైడ్రెంట్‌కు, పదిహేను అడుగుల లోపల బండి ఆపకూడదు. బయట రోడ్డు మీద నీ అంతట నువ్వు కోన్‌లు పెట్టకు. మీ దగ్గర రోడ్లు చాలావరకు కౌంటీవి కావు, రాష్ట్ర రవాణా శాఖవి. ట్రాఫిక్ సాయం కావాలంటే అడగాల్సింది షెరిఫ్ ఆఫీసును. పక్క టౌన్‌హౌసుల వీధులు హెచ్.ఓ.ఏ. (ఇళ్ళ యజమానుల సంఘం) వాళ్ళవైతే బండి లాక్కుపోతారు, వచ్చినవాళ్ళు నిన్ను తిడతారు.

సరే, తిండి. అందరినీ పిలిచి ఇళ్ళలో వండినవి పెడితే, పైసా తీసుకోకపోయినా, హెల్త్ డిపార్ట్‌మెంట్ సంగతి వస్తుంది. నెల ముందే ఫోన్ చేసి "బహిరంగం, ఉచితం, ఇంట్లో వండినవి" అని మూడు ముక్కలూ చెప్పు. ఒకటి దాచి అనుమతి తెచ్చుకోకు. సద్దులు, అంటే కలిపిన అన్నాలు, రుచికి పెట్టేటట్టయితే వందమందికి ఐదు కిలోల బియ్యం చాలు, ఐదు రకాలకూ కిలో చొప్పున. కడుపు నిండా పెట్టాలంటే పది. చింతపండు పులిహోరతో భయం తక్కువ. పెరుగు సద్దీ కొబ్బరి సద్దీ పైలం. వండిన అన్నం గిన్నెలో కుప్పగా పెట్టి మూత వేస్తే లోపల గంటల తరబడి గోరువెచ్చగానే ఉంటుంది, చెడేది అక్కడే. రెండంగుళాల మందాన ట్రేలో పరిచి చల్లార్చి ఫ్రిజ్‌లో పెట్టు. పార్కులో మంచు పెట్టిన డబ్బాలో 41 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటకుండా చూడు. వేడిగా పెట్టేవి 135 కింద దిగకూడదు. మలీదలో గోధుమ, నెయ్యి, సత్తుపిండిలో పల్లీలు, నువ్వులు. 2023 నుంచి అమెరికాలో నువ్వులు కూడా ప్రధాన అలర్జీల జాబితాలో ఉన్నాయి. ప్రతి గిన్నె ముందూ ఒక చీటీ పెట్టు. పక్కింటి తెల్లపిల్లకు సత్తుపిండి ముద్ద ప్రేమగా నోట్లో పెట్టే ముందు వాళ్ళమ్మను అడగమని మన అత్తమ్మలందరికీ చెప్పు.

ఆట జాగా. వందమంది ఒకే వలయంలో తిరగాలంటే మనిషికి మూడడుగులు చొప్పున మూడు వందల అడుగుల చుట్టు, అంటే తొంభై ఐదడుగుల వెడల్పు. అంత దూరంలో పాట ఒక పక్క "ఉయ్యాలో" అనేసరికి ఇంకో పక్క అడుగు తప్పుతుంది. మూడు వలయాలు వేయించు: నడుమ నుంచి పది, పదిహేను, ఇరవై అడుగుల దూరంలో. లోపల ఇరవై మంది, మధ్యలో ముప్పై, బయట నలభై. గడ్డి మీద ముగ్గుపిండితో ఆ గీతలు ముందే గీయి. పిల్లలూ కొత్తవాళ్ళూ బయటి వలయంలో. గుంటూరువాళ్ళు వచ్చి అడుగు తెలియక నవ్వుతుంటే చెయ్యి పట్టి లోపలికి లాగు, పది చప్పట్లలో వచ్చేస్తుంది.

పాట చెప్పే మనిషి స్పీకర్ల వెనక ఉండాలి. ముందుకొస్తే మైకు కూత పెడుతుంది. రెండు స్పీకర్లూ మిక్సరూ కలిపి మామూలుగా మూడు, నాలుగు వందల వాట్లు మించవు. ఎవరో ఒకరు టీ కెటిల్ తెచ్చి అదే ప్లగ్గులో పెడతారు, అది ఒక్కటే పదిహేను వందలు. పదిహేను ఆంపియర్ల లైను పద్దెనిమిది వందలకు పడిపోతుంది, పాట సగంలో ఆగుతుంది. ప్లగ్గు మీద "పాటకే" అని టేపు అంటించు.

నిమజ్జనం చెరువులో వద్దు. ఇళ్ళ మధ్య కనిపించేవి వాన నీటి కుంటలు, ఒడ్డు జారుడు, లోపల బురద. చిన్నపిల్లలు ఆడుకునే ఐదడుగుల ప్లాస్టిక్ తొట్టి తెచ్చి నాలుగంగుళాల నీళ్ళు పొయ్, యాభై గ్యాలన్లు పడతాయి. షెల్టర్ దగ్గర పైపు ఉండకపోవచ్చు, ఐదు గ్యాలన్ల డబ్బాలు పది నింపుకుని పో. నాలుగంగుళాలే కదా అనుకోకు, పాకే పిల్లకు అదీ ఎక్కువే. తొట్టి నింపిన నిమిషం నుంచి ఒంపే నిమిషం దాకా ఒక పెద్దమనిషి పక్కనే కూర్చోవాలి. బతుకమ్మ పేర్చే వెదురు సిబ్బికి బదులు రేకు ట్రేలూ ప్లాస్టిక్ దారాలూ వాడి ఉంటారు, అవి ఏరి పూలు కంపోస్టుకు పంపు. చెట్లలో పారబోయకు.

పూల సంగతి చివరికి మిగిలింది. తంగేడు ఇక్కడ దొరకదు. ఇండియా నుంచి వచ్చేవాళ్ళ పెట్టెల్లో పూలు తెమ్మనకు, కస్టమ్స్‌లో ఆపుతారు. సెప్టెంబరులో రోడ్ల పక్కన పచ్చగా పూసే గోల్డెన్‌రాడ్ చూస్తే తంగేడు యాదికొస్తుంది. దానితో తుమ్ములొస్తాయని అంటారు గానీ ఆ పాపం అప్పుడే పూసే రాగ్‌వీడ్ అనే కలుపు మొక్కది. పార్కులో మాత్రం కొయ్యకు, ఎవరి పెరట్లోనైనా అడిగి కోసుకో. చామంతి కుండీలు సెప్టెంబరులో కాస్ట్‌కోలో దొరుకుతాయి. గునుగు నువ్వే పెంచాలి.

ఈ కవర్లో రెండు పొట్లాలున్నాయి. ఎర్ర దారం కట్టింది గునుగు, పోయినేడు నా పెరటిది. నల్లగా ఆవాల కన్నా చిన్నగా ఉంటాయి, మట్టి పైన చల్లి వేలితో అదుము, లోతుగా పూడ్చకు. రెండోది ముద్దబంతి, పూతకు మూడు నెలలు పడుతుంది. ఏప్రిల్ నడుమ లోపల కిటికీ దగ్గర చిన్న కప్పుల్లో వెయ్. మే పదిహేను దాటేదాకా బయట పెట్టకు, మీ దగ్గర అప్పటిదాకా మంచు భయం పోదు. మొలిచినాక ఫొటో పంపు. దానితోపాటు ఆ పార్కింగ్ బొమ్మ కూడా గీసి పంపు, ఎన్ని గడులున్నాయో నేనూ ఒకసారి లెక్కపెడతా.

మీ పెద్దమ్మ
ఎడిసన్, న్యూజెర్సీ